నాచు బిళ్ళలు

మా అత్తమ్మ కాళ్ళు మొద్దుబారుతున్నాయని ఇంట్లో ముందుగా కనిపెట్టింది నేనే. నడుస్తుంటే దూది మీద అడుగేసినట్టుందని పక్కింటావిడతో చెప్పుకునేది. నాతో మాత్రం ఏమీ లేదనేది. పట్టిన కుందేటికి మూడే కాళ్ళు ఆవిడకి.

తరతరాలుగా బరంపురంలో టోకు వ్యాపారం చేసుకుంటున్న ఇల్లు మాది. గుడ్డు వాసన కూడా గడప దాటి లోపలికి రాదు. అలాంటి ఇంట్లో బి12 తక్కువవడం మామూలేనని ఆవిడ ఫోన్‌లో ఏదో వీడియోలో విన్నది. మందు కూడా అందులోనే దొరికింది, స్పైరులినా. మాంసకృత్తులు, ఇనుము, బి12 అన్నీ ఉన్న నాచు, పూర్తి శాకాహారమట. బావి గట్టున పాకితే నేను బ్లీచింగు వేసి తోమిపారేసే సరుకు, ఆవిడ డబ్బాలో తెప్పించుకుని కళ్ళకద్దుకుని మింగేది.

"నాచు కూడా ఆకుకూరలాంటిదే. నీకేటి తెలుసే?" అనేది.

పోరు పెట్టి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన ఒడియా మనిషి. కాళ్ళు చూసి, బి12 తగ్గి ఉంటుందని రక్తపరీక్ష రాశాడు. తీరా రిపోర్టులో అంతా సరిగ్గానే ఉంది. ఆయనకి అంతుపట్టలేదు. ఇంట్లో ఇంకేమైనా వాడుతున్నారా అని ఒడియాలో అడిగాడు.

"శిఉళి," అంది అత్తమ్మ.

ఒడియాలో శిఉళి అంటే నాచు. గంగశిఉళి అంటే పారిజాతం. జ్వరానికీ కీళ్ళ నొప్పులకీ దాని ఆకు కషాయం ఇక్కడ ప్రతి ఇంట్లోనూ తాగుతారు. ఆయన ఆ కషాయమే అనుకుని తలూపి, నరాలకేదో మాత్ర రాసి పంపేశాడు. ఆయన తలూపింది నాచుకేనని మేమిద్దరం అనుకున్నాం.

"సూసావా, రిపోర్టు బాగుంది. ఇంక నోరు మూసుకో," అంది ఆటోలో.

ఆ వేసవిలోనే బజారుకి వెళ్ళాం. ఆవిడ ముందు, నేను వెనక. తారు కాలిపోతోంది. రోడ్డు మధ్యలో ఒక చెప్పు కనబడింది. ఎవరిదో అనుకున్నాను. తల ఎత్తి చూస్తే అత్తమ్మ ఎడమ కాలు ఉత్తిదే, తారు మీద నింపాదిగా నడుస్తోంది.

"అత్తమ్మా, మీ సెప్పేదీ?"

"కాలికే ఉంది గదే," అని కిందికి చూసుకుంది. చూసుకుని, నా చెయ్యి పట్టుకుంది. అరికాలు బొబ్బలెక్కింది. ఆవిడకి తెలియనే లేదు. నాకు కోపం ఎగిరిపోయింది.

ఇంటికెళ్ళి డబ్బా తీసుకుని, అత్తమ్మతో పాటు నేరుగా వెళ్ళి డాక్టరు ముందు పెట్టాను. డబ్బా మీద ఉన్నది చదివాడు. నేను పారిజాతం అనుకున్నాను అన్నాడు. తర్వాత విడమర్చి చెప్పాడు. ఈ నాచు చెడ్డది కాదు, మాంసకృత్తులూ ఇనుమూ ఉన్నమాట నిజం. కానీ ఇందులో బి12లా కనబడేది చాలావరకు మన ఒంటికి పనికిరాని రకం. కొన్ని రక్తపరీక్షలు దాన్నే అసలుది అనుకుని లెక్కేస్తాయి. రిపోర్టు బాగున్నంతకాలం నరాలు లోపల పాడవుతూనే ఉన్నాయి. ఇక అసలు బి12 సూదులు వేయించుకోవాల్సిందే అన్నాడు.

"సూది మందులో గొడ్డు రక్తం కలుపుతారా బాబూ?" అని అడిగింది అత్తమ్మ. లేదమ్మా, కంటికి కనబడని జీవులతో తయారు చేస్తారు అన్నాడు. ఆవిడ చెయ్యి చాపింది. ఆలస్యమైంది, పోయినదాంట్లో ఎంత తిరిగొస్తుందో చెప్పలేనని నాతో విడిగా అన్నాడు.

సూదులన్నీ అయ్యాక మళ్ళీ వెళ్ళాం. కళ్ళు మూసుకోమని, పిన్నుతో కుడి పాదం గుచ్చాడు. ఆవిడ చటుక్కున కాలు లాక్కుని తిట్టింది. ఆ తిట్టు నాకెంత తీయగా వినబడిందో చెప్పలేను. తర్వాత ఎడమ పాదం. వేళ్ళ దగ్గర గుచ్చాడు, మడమ దగ్గర గుచ్చాడు, మధ్యలో గుచ్చాడు.

అత్తమ్మ కళ్ళు గట్టిగా మూసుకుని, పళ్ళు బిగబట్టి కూర్చుంది.

"ఏటే, ఇంకా గుచ్చడేటి?" అంది.

డాక్టరు నా వంక చూశాడు.

"ఇంకా గుచ్చలేదత్తమ్మా," అన్నాను.