ఫిడేలువాళ్ళ మరమ్మతు

లోయలో అందరూ ఆయన్ని రేడియో హల్వర్ అనే పిలుస్తారు. ఆయన రేడియో విప్పి ఇరవై ఏళ్ళు దాటింది. పదహారో ఏట పట్నంలో ఒక రేడియో దుకాణంలో పనికి కుదిరాడు. అది మూతపడ్డాక జలవిద్యుత్ కేంద్రంలో మీటర్లు చూసి రిటైరయ్యాడు. ఇప్పుడు డెబ్బై నాలుగేళ్ళ వయసులో, ఆవులు లేని పశువుల కొట్టంలో బల్ల వేసుకుని, జనం అటకల మీంచి దించి తెచ్చే పాత టేప్ రికార్డర్లు బాగుచేస్తున్నాడు. మాట తక్కువ. బాగైతే "నడుస్తోంది" అంటాడు. కాకపోతే ఏమీ అనడు.

మార్చి నెలలో ఒక శనివారం పొద్దున గున్వోర్ తన టేప్ రికార్డర్‌ని ఉన్ని దుప్పట్లో చుట్టి, కాలితో నెట్టుకుంటూ పోయే మంచుబండికి కట్టి తెచ్చింది. పెద్ద చక్రాల టేపులు నడిపే బరువైన యంత్రం అది. ఆమె తండ్రి తార్యై ఫిడేలు వాయించడంలో పేరున్నవాడు. పోయి ముప్పై ఏళ్ళయింది. ఆయన వాయించిన పదకొండు బాణీలు ఒకే ఒక్క టేపు మీద మిగిలాయి. అందులో నాలుగు ఈ లోయలో ఇంకెవరికీ రావు. జూన్‌లో జరిగే పోటీలో గున్వోర్ వాటిలో ఒకటి వాయించాలనుకుంది. విని నేర్చుకోబోతే యంత్రం మొరాయించింది.

"కీచుమంటోంది. పందిపిల్లని చెవి పట్టుకుని లాగినట్టు," అంది గున్వోర్.

"ఎప్పట్నించి?"

"పోయిన వారం నించి."

"నువ్వేమన్నా కెలికావా?"

"నేనేం కెలుకుతాను? కాస్త దుమ్ము తుడిచానంతే."

హల్వర్ టేపు ఎక్కించి మీట నొక్కాడు. టేపు జానెడు కదిలి, ఎక్కడో పట్టేసి, కీచుమని అరిచింది. తార్యై ఫిడేలు తాగినవాడి నడకలా ఊగింది. వెంటనే ఆపేశాడు. దూదికి స్పిరిట్ అద్ది, టేపు రాసుకుంటూ పోయే హెడ్డుని తుడిచాడు. దూది మీద గోధుమరంగు జిగురు. హల్వర్ దాన్ని దీపం దగ్గర పెట్టి రెండుసార్లు చూశాడు.

ఆ కాలపు టేపుల్లో కొన్నింటికి ఒక జబ్బు ఉంటుంది. ఏళ్ళతరబడి చెమ్మ పీల్చి, మీది పొడిని పట్టి ఉంచే జిగురు మెత్తబడుతుంది. తిప్పితే ఆ పొడి ఊడి హెడ్డుకు అంటుకుంటుంది. ఊడేది ఉత్త పొడి కాదు, అందులో ఉన్న పాట.

పైగా ఆ టేపు ఇచ్చింది హల్వరే. తార్యై ఆ బాణీలు వాయించింది పంతొమ్మిది వందల అరవై ఒకటిలో. డెబ్బై తొమ్మిది నాటికి ఆ టేపు పెళుసెక్కి తెగిపోతుంటే, కొత్త టేపు మీదికి ఎక్కిస్తానని హల్వర్ తనే ఇంటికెళ్ళి అడిగి తెచ్చాడు. అప్పటికి ముప్పై నాలుగేళ్ళు, అన్నీ తెలుసనుకునే వయసు. "ఇది నూరేళ్ళు ఉంటుంది" అని ముసలాయనకి మాటిచ్చాడు. టేపులు ఖరీదు కాబట్టి పాతదాన్ని చెరిపేసి, అతుకులు వేసి, యువజన మందిరంలో డాన్సు కోసం అకార్డియన్ పాటలు ఎక్కించుకున్నాడు. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు ఈ టేపు కూడా పోతే ఆ నాలుగు బాణీలనూ తన చేతులతో తనే చంపినట్టు.

"టేపే పోతోందేమో," అన్నాడు.

గున్వోర్ పెట్టె మీద కూలబడింది. "పోవడమంటే?"

హల్వర్ అరమీంచి పుట్టగొడుగులు ఎండబెట్టే యంత్రం దించాడు.

"అదెందుకు?"

"సన్నటి సెగన ఎనిమిది గంటలు ఉంచితే జిగురు కొన్నాళ్ళు గట్టిపడుతుంది. ఒక్కోసారి."

"మా నాన్నని పుట్టగొడుగుల్లా ఎండబెడతావా?"

"ఒక్కోసారి పాడవుతుంది కూడా. ముందే చెబుతున్నాను."

"ఆయన బతికున్నప్పుడే ఎండు చేపలా ఉండేవాడు. ఇంకా ఏం ఎండుతాడు?" అందిగానీ ఆమె గొంతులో నవ్వు లేదు.

స్విచ్చి మీద చెయ్యి పెట్టి హల్వర్ ఆగిపోయాడు. దుకాణంలో మొదటి రోజు యజమాని నేర్పిన పాఠం ఒకటుంది: టేపుని తిట్టే ముందు ఇంకో టేపు పెట్టి చూడు. ఆ తర్వాత ఎంతమందికి తను అదే చెప్పాడో లెక్కలేదు. ఇవాళ మాత్రం దూది మీద జిగురు చూడగానే నేరం ఎవరిదో తీర్పు చెప్పేసుకున్నాడు.

సొరుగులోంచి ఎన్నడూ వాడని టేపు ఒకటి తీసి ఎక్కించాడు. మీట నొక్కాడు. కొత్త టేపు కూడా జానెడు కదిలి, పట్టేసి, కీచుమంది. అంత కమ్మటి చప్పుడు ఆయన ఈమధ్య విన్నది లేదు.

టేపుని ఒక ఉక్కు కడ్డీకి అదిమి ముందుకు నడిపే రబ్బరు చక్రం ఉంటుంది. దాని మీద వేలు పెడితే అంటుకుంది. తెల్ల గుడ్డతో తుడిస్తే పసుప్పచ్చగా వచ్చింది. వాసన చూశాడు. పైన్ చెట్టు.

"గున్వోర్."

"ఊఁ."

"దుమ్ము తుడిచానన్నావు."

"తుడిచాను."

"తుడిచి?"

"తుడిచినా టేపు జారుతూనే ఉంది. జారితే ఏం చేస్తాం? కమాను జారితే ఏం రాస్తామో అదే రాశాను."

"రోజిన్. పైన్ బంక."

"మంచి రకమే రాశాను. నా కమానుకి రాసేదే."

"ఎంత రాశావు?"

"కమానుకి రాసినంత. కాస్త ఎక్కువేలే. రబ్బరు కదా, పీల్చుకుంటుందని."

హల్వర్‌కి నవ్వు ఆగలేదు. బల్ల పట్టుకుని వంగిపోయి నవ్వాడు. గున్వోర్‌కి ఒళ్ళు మండింది.

"నవ్వడం అయ్యాక మా నాన్న ఉన్నాడో పోయాడో చెప్పు."

"ఉన్నాడు," అన్నాడు కళ్ళు తుడుచుకుంటూ. "టేపుకి ఏ జబ్బూ లేదు. జబ్బు నీ రోజిన్‌ది. వెనక్కి చుట్టినప్పుడల్లా ఆ బంక హెడ్ల మీదికి పాకి, అక్కడున్న పాత మురికిని కూడగట్టింది."

తర్వాత పని తెలిసిన పనే. వయసుకి బిగుసుకుని అద్దంలా నునుపెక్కిన రబ్బరు చక్రాన్ని ఊడదీసి, శుభ్రం చేసి, డ్రిల్లుకు బిగించి తిప్పుతూ సన్నటి గరుకు కాగితంతో పైపొర తీశాడు. కడ్డీని, హెడ్లని స్పిరిట్‌తో తుడిచాడు. గున్వోర్ తిప్పింది మొదటి బాణీ వరకే కాబట్టి బంక అంటింది టేపు మొదట్లోనే. అంతమేరా మెత్తటి పొడిగుడ్డ మధ్యనుంచి చేత్తో లాగాడు. ఆమె నూలు చుట్టినట్టు చక్రం తిప్పింది. పొద్దున గున్వోర్ తెచ్చిన వాఫుల్ అట్లు ముట్టని హల్వర్ ఇప్పుడు బ్రౌన్ చీజ్ వేసుకుని మూడు తినేశాడు. కాఫీ కూడా అడిగి మరీ పోయించుకున్నాడు.

మూడున్నరకి మీట నొక్కాడు. ఫిడేలు ఎక్కడా ఊగలేదు. కింద తార్యై కాలితో వేసే తాళం కూడా స్పష్టంగా వినిపిస్తోంది.

"నడుస్తోంది," అన్నాడు హల్వర్.

గున్వోర్ మొదటి బాణీ అయ్యేదాకా కదల్లేదు. అప్పుడాయన గొంతు సవరించుకున్నాడు.

"నీకో సంగతి చెప్పాలి. అరవై ఒకటి నాటి అసలు టేపు లేదు."

"తెలుసు. చెరిపేసి అకార్డియన్ ఎక్కించావు."

"ఎవరు చెప్పారు?"

"నాన్నే. మందిరంలో డాన్సుకి వెళ్తే, పాటకీ పాటకీ మధ్య సందులో వెనకాల ఎక్కడో తన ఫిడేలు సన్నగా వినిపించిందట. నువ్వు సరిగ్గా చెరపలేదు కూడా. ఇంటికొచ్చి ఒకటే నవ్వు."

"కోపం రాలేదా?"

"దానికి రాలేదు. ఆరో బాణీలో వేలు తప్పింది, ఆ ముక్క కత్తిరించమంటే నువ్వు కుదరదన్నావట. ఆ కోపం చచ్చేదాకా ఉంది."

"కత్తిరిస్తే బాణీ కుంటుతుందని చెప్పాను."

"తప్పు వాయించింది తనే అయినా చాదస్తం నీది అనేవాడు."

ఇద్దరూ ఆరో బాణీ కోసం కాచుకు కూర్చున్నారు. అది వచ్చింది. రెండో చరణంలో వేలు జారింది, కాలి తాళం ఒక అడుగు తడబడింది, మళ్ళీ సర్దుకుంది. గున్వోర్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది.

"ఇప్పుడైనా కత్తిరిస్తావా?"

"కత్తిరించను."

"అయితే అలాగే ఉండనీ."

హల్వర్ టేపుని మొదటికి చుట్టి, యంత్రానికీ కంప్యూటర్‌కీ మధ్య తీగ తగిలించి కాపీ మొదలుపెట్టాడు. తమ మాటలు కూడా అందులోకి ఎక్కుతాయేమోనని గున్వోర్ నోరు మూసుకుని, కప్పు కూడా చప్పుడు కాకుండా దించింది. తీగలో పోయేదానికి గదిలో మాటలు అంటవు. ఆ ముక్క హల్వర్ ఆమెకి చెప్పలేదు. ముప్పావుగంట సేపు హాయిగా కళ్ళు మూసుకుని విన్నాడు.