రన్నమ్మ నొక్కని బటన్

రన్నమ్మకు వచ్చిన ఇంగ్లీషు ఒక్కటే ముక్క. దాంతోనే పదకొండేళ్లుగా బట్టల అద్దకం మిల్లులో నెట్టుకొస్తోంది. యంత్రం పచ్చ బటన్ మీద రాసి ఉన్న మాట అది: రన్. యంత్రం తిరిగితే రన్. ఒక విడతలో అద్దిన బట్టంతా కలిపి ఒక రన్. ఉతికితే రంగు కారిపోయినా రన్ అయిందనే అంటారు. ఇంట్లో మిక్సీ కూడా ఆమె నోట రన్‌లోనే ఉంటుంది. ఆ పేరు ఊరికే రాలేదు మరి. అసలు అర్థం పరుగెత్తడమని కూతురు నిఘంటువు తెచ్చి చూపిస్తే, "అదొక్కటే మాకు పనికిరాదే. మిల్లులో పరుగెత్తొద్దని గోడ మీదే రాశారు" అంది.

ఆ బటన్ దగ్గర ఆమెది ఉడుంపట్టు. రోలర్లు తుడవడానికి లోపలికి వెళ్లిన ప్రతి మనిషీ బయటికొచ్చి తన నోటితో తాను పలకాలి. ఒకరి బదులు ఇంకొకరు పలికితే చెల్లదు. కిందటేడు దాకా ఆ బటన్ ముందు కుర్చీలో కూర్చున్నది ఆమె మరిదే. ఒకసారి పలుకు వినకుండా నొక్కేశాడు, ఒక మనిషికి రెండు వేళ్లు పోయాయి. విచారణలో వదిన చూసింది చూసినట్టు చెప్పింది. కుర్చీ ఆమెకొచ్చింది, తుడిచే గుడ్డ మరిది చేతికొచ్చింది. అప్పటినుంచి మాటల్లేవు. పేరు పెట్టి పిలిస్తే ఒక దగ్గు దగ్గి ఊరుకుంటాడు. అదీ నోటినుంచి వచ్చిందే కదా అని ఆమె సరిపెట్టుకునేది.

ఆ మధ్యాహ్నం ముగ్గురు లోపలికెళ్లారు. ఇద్దరు బయటికొచ్చి పలికారు. మరిదిని ఎన్నిసార్లు పిలిచినా దగ్గు మాత్రం రాలేదు.

కొత్త సూపర్‌వైజర్ రుసరుసలాడుతూ వచ్చాడు. తొట్టిలో రంగు చల్లారిపోతోంది, ఇంకాస్త ఆలస్యమైతే బట్టంతా మచ్చలే.

"నొక్కమ్మా. మీ మరిది కుళాయి దగ్గరున్నాడు, నేను చూసే వచ్చాను."

"ఆ మాట అతన్నే వచ్చి చెప్పమనండి సార్."

"మీ ఇంటి గొడవకి నా బట్ట పాడవ్వాలా? నొక్కకపోతే రేపు ఆ కుర్చీలో ఇంకొకరుంటారు."

కుర్చీ పోతే ఇల్లు గడవదు. మరిది మొండితనం ఆమెకు కొత్తా కాదు, కుళాయి దగ్గర నిలబడి తమాషా చూస్తున్నాడేమో. ఒళ్లు మండింది. ఆ మంటలోనే చెయ్యి బటన్ దాకా వెళ్లి ఆగిపోయింది. సూపర్‌వైజర్ తనే నొక్కబోతే అరచెయ్యి అడ్డం పెట్టింది.

"లోపలున్నావా? పలకవయ్యా. తిట్టయినా తిట్టు."

రోలర్ల వెనకనుంచి సన్నగా వినిపించింది. "ఉన్నాను వదినా. చొక్కా చెయ్యి ఇరుక్కుంది."

చొక్కా కోసి బయటికి లాగారు. మిల్లువాళ్లందరివీ ఒకే రంగు చొక్కాలు. కుళాయి దగ్గర ఉన్నది వేరే మనిషి. సూపర్‌వైజర్ మొహంలో నెత్తురుచుక్క లేదు.

రన్నమ్మకు కోపం, ఏడుపు కలిసే వచ్చాయి. "ఇన్నిసార్లు పిలిచానే, పలకడానికేం రోగం? నొక్కేసుంటే ఏమయ్యేవాడివి?"

అతను తలెత్తలేదు. "నిన్ను సాయం అడగడానికి నోరు రాలేదు. అయినా నువ్వు నొక్కవని తెలుసు వదినా. ఆ కుర్చీలో ఉన్నది నేను కాదుగా."