గడియారాలాయన కంప్యూటరు

ఆ వీధిలో ఆయన్ని అందరూ గడియారాలాయన అనే అంటారు. కోపం వస్తే భార్యా అదే మాట. యాభై ఏళ్లు గోడ గడియారాలు బాగుచేసి, ఈమధ్యే కొట్టు కూతురికి అప్పగించాడు. మరీ పాతవాటిని ఎలా విప్పాలో, ఏ స్ప్రింగు ఎంత బిగించాలో ఆమె కోసం రాసిపెడుతున్నాడు. చూపు మెల్లగా తగ్గిపోతుందని, ఆపడం తమ వల్ల కాదని కంటి డాక్టరు చెప్పేశాడు. చూపుండగానే రాత ముగించాలని ఆయన తాపత్రయం. చేతిరాతేమో కోడి కెలికినట్టుంటుంది, అందుకే ఇంట్లో ఉన్న పాత కంప్యూటరు ముందు కూర్చున్నాడు.

అదొక మొండిఘటం. వాక్యం సగంలో ఉండగా స్క్రీన్ బిగుసుకుపోయేది. బాణం గుర్తు కదలదు, అక్షరం పడదు. కట్టేసి మళ్లీ పెడితే చివరి పేరా గల్లంతు. అయినా ఆ ఆగిపోయిన స్క్రీన్ ముందు ఆయన ఎంతసేపైనా కూర్చుండిపోయేవాడు. గోడమీద ఎండ మెల్లగా జరిగేది. ఎన్నడో బాగుచేసి పంపిన గడియారాలన్నీ ఎక్కడెక్కడి ఇళ్లలోనో టిక్కుటిక్కుమంటూ చెవిలో పడేవి. ఆ మగతలో ఆయన వయసు ఇరవై ఐదు.

మెలకువ వచ్చాక మళ్లీ పాత పట్టుదలే. ఎంతసేపటికి ఆగుతోందో కాగితం మీద రాశాడు: పొద్దున నలభై నిమిషాలు, మధ్యాహ్నం ఇరవై. మౌసు మార్చాడు, తీగలు పీకి గుచ్చాడు. ఊహూఁ! కంప్యూటర్ల కొట్టువాడికి ఫోన్ చేస్తే, "కొత్తది కొనుక్కోండి, తాతగారూ" అన్నాడు. ఆ సలహా ఇవ్వడానికి కొట్టెందుకో!

చివరికి భార్య వచ్చి సీపీయూ పెట్టె మీద చెయ్యి వేసి, చటుక్కున తీసేసింది.

"అయ్యయ్యో, జ్వరమొచ్చినట్టు కాలిపోతోంది! ఈ కన్నాలన్నిటికీ టేపు అంటించిందెవరండీ?"

"నేనే. లోపలికి దుమ్ము పోదూ?"

"గడియారానికి ఊపిరి అక్కర్లేదేమో గానీ, దీనికి గాలి ఆడొద్దూ? మీ చాదస్తం తగలెయ్య!"

నిజమే మరి. దుమ్ము పడితే గడియారం చచ్చినట్టేనని చిన్నప్పుడు నేర్చుకున్న పాఠం, ఆ జాగ్రత్తతోనే పెట్టె గొంతు నొక్కేశాడు. సిగ్గుపడుతూ టేపులన్నీ ఊడదీశాడు. మూత విప్పి, గడియారాల బ్రష్షుతో ఫ్యాను రెక్కలు తుడిచాడు. ఆ రోజు నుంచి కంప్యూటరు ఆగితే ఒట్టు. పేజీల మీద పేజీలు సాగాయి.

ఇంకో నాలుగు పేజీలుంటాయనగా ఒక మధ్యాహ్నం గట్టిగా కేకేశాడు.

"ఇదిగో, మళ్లీ బిగుసుకుపోయింది! బాణం కదలట్లేదు."

ఆమె చేతులు తుడుచుకుంటూ వచ్చి చూసింది. ఆయన చేతిలో మౌసు కదులుతోంది. స్క్రీన్ మీద బాణం ఆ మూల నుంచి ఈ మూలకు హాయిగా తిరుగుతోంది. ఆయన కళ్లు మాత్రం స్క్రీన్ మధ్యలో ఒకేచోట నిలిచిపోయాయి.

ఆమె అబద్ధం చెబుదామనుకుంది, నోరు రాలేదు.

"కదులుతోందండీ," అంది.

ఆయన మౌసు వదిలేశాడు. "నాకు భయంగా ఉందే," అన్నాడు. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆ మాట ఆయన నోట ఆమె వినడం అదే మొదలు.

ఆయన పనిచేసే బల్లను ఆమె ఏనాడూ ముట్టుకుని ఎరగదు, ముట్టుకోనిచ్చేవాడు కాదు. ఇప్పుడు మాత్రం ఇంకో కుర్చీ లాక్కుని, ఆయన పక్కకు జరిగి కూర్చుంది. కీబోర్డును తనవైపు తిప్పుకుంది. ఒక్కో అక్షరం వెతుక్కుంటూ ఒక వేలితో కొట్టడమే ఆమెకు వచ్చు.

"పెద్ద స్ప్రింగు విప్పేముందు, అని ఆగారు. విప్పేముందు ఏం చెయ్యాలి?"

ఆయన కళ్లు మూసుకున్నాడు. గాల్లోనే వేళ్లతో ఏదో బిగువును పట్టుకుని, మెల్లగా వదులు చేస్తూ చెప్పడం మొదలుపెట్టాడు.