బెజ్జానికో హంస

కెమెరా లేకుండా సినిమా తీయొచ్చని పత్రికలో చదివి నేను గద్వాల బస్సెక్కకపోయి ఉంటే ఎంత బాగుండేది! రెండువేల మూడో, నాలుగో. అప్పట్లో వనపర్తిలో ఓ ప్రైవేటు కాలేజీలో పాఠాలు చెప్పేవాణ్ణి. నల్ల ఫిల్ము మీద సూదితో బొమ్మలు గీకితే గీకినచోట తెల్లగా వెలుగు వస్తుందట. అలా వరసగా గీకి ప్రొజెక్టరుకు ఎక్కిస్తే బొమ్మ కదులుతుందట. చదవగానే బావ గుర్తొచ్చాడు.

బావ, అంటే మా అక్క భర్త, గద్వాలలో చీరలు నేసేవాడు. అంచు డిజైన్లు కూడా తనే వేసుకునేవాడు. షుగరు ఆయన కళ్ళను తినేస్తోంది. ఇంకో ఏడాది చూపుంటే గొప్పేనని కర్నూలు డాక్టరు మొహం మీదే చెప్పేశాడు. నేను సినిమా సంగతి ఎత్తగానే మగ్గం గుంతలోంచి లేచి వచ్చి నా పక్కన కూర్చున్నాడు.

"ముప్పై ఏండ్ల సంది హంసలు నేస్తున్న. ఒక్కటన్న ఎగిరిందా? కండ్లు పోకముందు ఒక్కటి ఎగురంగ సూస్త బామ్మర్దీ" అన్నాడు.

వనపర్తి టాకీసులో ఆపరేటరు నాకు తెలుసు. ఏ బొమ్మా లేని నల్ల ఫిల్ము చుట్ట ఇచ్చి, పొద్దున ఆట మొదలయ్యేలోపు ఒకసారి వేసి చూపిస్తానన్నాడు. సెకనుకు ఇరవైనాలుగు బొమ్మలు, అర నిమిషం సినిమా. నీళ్ళ మీది హంస రెక్క విప్పి, లేచి, తెర దాటి పోవాలి. మొత్తం ఏడువందల ఇరవై హంసలు. "ఇద్దరికీ పిచ్చి లేసిందా?" అని తిడుతూనే అక్క కిటికీ దగ్గర చాప పరిచింది.

ఫిల్ము అంచున బెజ్జాలు తడిమి బావ అడిగాడు: "బెజ్జానికొక బొమ్మనే గదా?"

మగ్గం మీద కట్టే డిజైను అట్టల్లో బెజ్జానికొక పోగు లేస్తుంది. ఆ లెక్కనే అడిగాడు. నేనేమో బస్సు తొందరలో ఉన్నాను. "ఆఁ, గట్లనే. ఎన్నిసార్లు అడుగుతవు బావా!" అని కసిరాను. నిజానికి నాకు తెలియదు. తెలియదని చెప్పడానికి నామోషీ.

నాలుగు నెలలు గీశాడు. మగ్గం పక్కనబెట్టి, ఎండ బాగా ఉన్నంతసేపూ అదే పని. "జర పెద్దగుంటే బాగుండు, గోరంత హంసలాయె" అని నవ్వేవాడు. చివరి వంద బొమ్మలు గీసేటప్పుడు ముక్కు ఫిల్ముకు ఆనేది.

వనపర్తి తీసుకెళ్ళి ఇస్తే ఆపరేటరు చుట్ట విప్పి వెలుతురుకు పట్టి చూశాడు.

"ఏంది సార్ గిది? నాలుగు బెజ్జాలకొక బొమ్మ. మీరు ఒక్క బొమ్మల నాలుగు హంసలు గీసిండ్రు. గిది ఎగురదు. తెర మీద అన్ని కలిసి గిలగిల కొట్టుకుంటయ్, గంతే."

ఒక్క మాట ముందే ఈయన్ని అడిగి ఉంటే! బావకు మిగిలిన చూపులో నాలుగు నెలలు నా నోటిదురుసుతో బుగ్గిపాలు చేశాను. ఇప్పటికీ తలచుకుంటే నా మీద నాకే అసహ్యం పుడుతుంది.

గద్వాల వెళ్ళి చెప్పాను. తిడితే భరించేవాణ్ణి. ఆయన తిట్టలేదు. "నాలుగింటికొకటా? గంతేనా! మళ్ల గీస్త తియ్యి" అని, మిగిలిన ఫిల్ము పీట మీద పరవమన్నాడు. బొటనవేలితో నాలుగు బెజ్జాలు లెక్కపెట్టుకుని, సూది ఆనించి, మెడ వంపు గీశాడు. గీత పీట మీద పడింది. ఆయన వేలితో ఫిల్మును తడిమి చూసుకున్నాడు. అది నున్నగా ఉంది. ఇంకోసారి గీశాడు. ఇంకోసారి తడిమాడు.

కాసేపటికి సూది నా చేతిలో పెట్టాడు.

"ఇగ నువ్వే గియ్యి. నేను చెప్త."

నాకు బొమ్మలు వేయడం రాదు. ఆ సంగతి ఆయనకూ తెలుసు.