మా ఇంటికొచ్చిన హోటల్ మెషీన్

మూడో కాఫీ మెషీన్ కూడా వారంటీ అయిపోగానే మూలపడ్డాక, ఇక ఇళ్లలో వాడే రకం కొనకూడదని తీర్మానించుకున్నాను. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ నా ఉద్యోగం. పగలంతా ఏది ఎక్కడ విరుగుతుందా అని వెతికే మనిషికి, ఇంటికొచ్చాక విరిగిన వస్తువు మీద జాలి కలగదు. మేముండే కనాటా అనే ఊళ్లో, ఇంటికి దగ్గర్లోని ఒక పాత బ్రేక్‌ఫాస్ట్ హోటల్ మూసేస్తూ సామాన్లు అమ్మకానికి పెట్టారు. వెళ్లి వాళ్ల కాఫీ మెషీన్ తెచ్చుకున్నాను. ఒళ్లంతా స్టీలు. కారులోంచి దించడానికి మా ఆయనా నేనూ చెరో పక్కా పట్టుకోవాల్సి వచ్చింది.

"హోటల్ బోర్డు కూడా రాయించమంటావా?" అన్నారాయన. టేబుల్ మీద పెట్టాక పైనున్న అలమర తలుపు సగమే తెరుచుకునేది. నేను సర్దుకుపోయాను. ఆయన మాత్రం ఇప్పటికీ ఆ తలుపు తెరిచినప్పుడల్లా ఒక నిట్టూర్పు వదులుతారు.

దాని పద్ధతి వేరు. లోపలి ట్యాంకు ఎప్పుడూ వేడినీళ్లతో నిండి ఉంటుంది. పైన చన్నీళ్లు పోస్తే అవి ట్యాంకులోకి దిగి, అప్పటికే కాగి ఉన్న నీళ్లను కాఫీపొడి మీదికి తోస్తాయి. అంటే మనం పోసినవి మనకు రావు, నిన్న పోసినవి వస్తాయి. నేను చెబుతూనే ఉన్నా చెవిన పెట్టకుండా, నీళ్ల కాఫీ తన వల్ల కాదని మా ఆయన మొదటి వారమే పైనుంచి చిక్కటి పాలు పోసేశారు. కిందికి మామూలు బ్లాక్ కాఫీ వచ్చింది. పాలెటు పోయాయా అని మెషీన్ చుట్టూ తిరిగి చూశారు. మర్నాడు నేను నీళ్లు పోస్తే మాడిన పాలు దిగాయి. ఆ శని, ఆదివారాలు వెనిగర్ నీళ్లతో కడగడంతో సరిపోయింది. మెషీన్‌కి మాత్రం ఏమీ కాలేదు. నాకు దాని మీద గౌరవం పెరిగింది.

పొడి రెట్టింపు వేసి నీళ్లు సగం పోస్తే, డికాక్షన్ అనదగ్గది వచ్చేది. పాలు విడిగా కాచి కలుపుకునేవాళ్లం. ఒక కప్పుకి చేయడం దానికి చేతకాదు. ఎంత తగ్గించినా అరడజను కప్పులు దిగేవి. అందువల్ల బేస్‌మెంట్‌లో అద్దెకుండే అమ్మాయికి కూడా రోజూ మా కాఫీయే.

ఆ రోజుల్లో ఊళ్లో ఎక్కడ చూసినా చదువుకోవడానికొచ్చిన మన పిల్లలే. బస్సులో తెలుగు, గ్రోసరీ షాపు బిల్లింగ్ దగ్గర తెలుగు. కాలేజీలు చేర్చుకున్నంత మందికి పార్ట్ టైమ్ పనులు ఎక్కడినుంచి వస్తాయి? ఒక చిన్న షాపు అద్దానికి 'మనుషులు కావాలి' అని కాగితం అంటిస్తే బయట లైను కట్టేవారు. మా బేస్‌మెంట్ అమ్మాయిది కరీంనగర్ వైపు. వచ్చిన దగ్గర్నుంచి కాళ్లరిగేలా తిరుగుతూనే ఉంది. ఒక సాయంత్రం పైకి వచ్చి మెషీన్ ముందు నిలబడింది.

"ఆంటీ, శనివారం ట్రయల్‌కి రమ్మన్నరు, ఒక పూట పని జేసి చూపియ్యాలె. బ్రేక్‌ఫాస్ట్ హోటల్. ఇట్లాంటి మెషీన్ మీద చేసినవా అంటే, చేసిన అని చెప్పిన."

"చేశావా ఎప్పుడైనా?"

"లేదు ఆంటీ. మీరు చేస్తుంటే చూసిన." మెషీన్ మీద చెయ్యి వేసి అంది, "ఈ పని నాకు రావాలె. రాకుంటే మళ్ల నాయినను పైసలు అడగాలె. ఇగ అడగలేను."

అమెరికాలో చదువుకునేటప్పుడు నేను క్యాంటీన్‌లో ఈ పనే చేశాను. కనుక పాఠం మొదలుపెట్టాను. కాగితం ఫిల్టర్ అంచు మడత పడకూడదు. ఖాళీ జార్ వేడి ప్లేటు మీద ఉంచకూడదు. కప్పు మనిషి చేతిలో ఉంటే పోయకూడదు, టేబుల్ మీద పెట్టేదాకా ఆగాలి. మా ఆయన కస్టమర్ వేషం కట్టారు. వేళాకోళంగా మొదలుపెట్టి, రెండో రోజుకి నిజంగానే కస్టమర్ అయిపోయారు. కాఫీ చల్లగా ఉందని ఒకసారి, చక్కెర ఏదని ఒకసారి విసుక్కునేవారు. ఆ అమ్మాయి నవ్వకుండా "సారీ సర్" అని మళ్లీ పోసేది. ఆ వారం మిగిలిన కాఫీతో ఫ్లాస్కు నింపుకుని ఆయన ఆఫీసులో అందరికీ పంచారు.

శనివారం పొద్దున్నే ఆయనే కారులో దింపి వచ్చారు. మధ్యాహ్నం దాటాక తిరిగొచ్చింది. జుట్టంతా వేయించిన ఉల్లిపాయ వాసన, మొహం వెలిగిపోతోంది.

"జాగ లేకుండ జనం ఆంటీ. ఒక్క కప్పు గూడ పగలగొట్టలే. ఓనరు వెరీ గుడ్ అన్నడు. ఫోన్ చేస్త అన్నడు."

"డబ్బులిచ్చాడా?" అని అడిగారు మా ఆయన.

"ట్రయల్ గద అంకుల్. ట్రయల్‌కి ఇయ్యరంట."

ట్రయల్ అయినా పని పనేనని, ఇవ్వకపోవడం ఇక్కడ చట్టానికి విరుద్ధమని ఆయన చెప్పబోయారు. ఆమె సంతోషం చూసి నేనే కళ్లతో ఆపాను. మరుసటి వారం ఫోన్ రాలేదు గానీ, ఆమె క్లాస్‌మేట్ ఒకమ్మాయి వచ్చింది. అదే హోటల్‌లో శనివారం ట్రయల్ అట. వాళ్లకు చాలామంది కావాలి కాబోలు అనుకుని నేర్పించాను. ఈ అమ్మాయి కూడా వెరీ గుడ్ అనిపించుకుని, ఫోన్ కోసం ఎదురుచూడసాగింది. ఆ పై వారం ఇంకో క్లాస్‌మేట్ వచ్చాడు. అతని చేతికి కాఫీపొడి డబ్బా ఇస్తుండగా నాకు వెలిగింది. ప్రోగ్రాములో ఒకే తప్పు మూడుసార్లు వస్తే అది తప్పు కాదు, ఎవరో కావాలనే అలా రాశారని అర్థం. ఆ హోటల్‌లో బాగా రద్దీ ఉండేది శనివారమే. ప్రతి శనివారానికీ జీతం లేని మనిషిని నా వంటింట్లోనే తయారుచేసి పంపుతున్నాను.

నాకు ఒళ్లు మండింది. ఆ కుర్రాడికి సంగతి చెప్పి పంపించేసి, బేస్‌మెంట్ అమ్మాయిని పైకి పిలిచాను.

"నాకు సమజైంది ఆంటీ," అంది తలెత్తకుండా. "వీళ్లను పంపింది నేనే. నీ అసొంటోళ్లు ఇంకెవరన్న ఉన్నరా అని ఓనరు అడిగిండు. నేను తెచ్చిచ్చినోళ్లు మంచిగ చేస్తే, ముందుగాల నాకే పని ఇస్తడనుకున్న."

కంప్లైంట్ చేద్దామన్నారు మా ఆయన. ఆమె ఒప్పుకోలేదు. తన పేరు పక్కన కంప్లైంట్ ఉంటే ఇంకెవరూ పని ఇవ్వరని భయం. కానీ ఓనర్ని తనే అడుగుతానంది. "ఆ రోజు చేసినదానికి పైసలు ఇయ్యమంట. ఇయ్యకుంటే, ఇయ్యను అని నా మొకం మీద చెప్పాలె." ఈ మాట మాత్రం తలెత్తి చెప్పింది. నాకు గర్వంగా అనిపించింది. ఏ హక్కుతో అనిపించిందో తెలియదు.

శనివారం ముగ్గురం వెళ్లాం. మా దగ్గర్నుంచి ఎవరూ వెళ్లలేదు కాబట్టి అక్కడ చేతులు తక్కువై అవస్థ పడుతుంటారని లోపల ఒక దుర్మార్గపు సంతోషం కూడా ఉంది నాకు. అలాంటిదేమీ లేదు. టేబుళ్లన్నీ నిండి ఉన్నాయి, పని సాఫీగా సాగుతోంది. ఒక పంజాబీ అమ్మాయి కాఫీ జార్ పట్టుకుని మధ్యలో తిరుగుతోంది. ఓనరు కౌంటర్ వెనక ఉన్నాడు. మా బేస్‌మెంట్ అమ్మాయిని గుర్తుపట్టి, ఫోన్ చేస్తానన్నట్టు చెవి దగ్గర చెయ్యి పెట్టి నవ్వాడు.

మా అమ్మాయి అతని వైపు నడిచింది, వెనకే మేమూ. దారిలో ఆ పంజాబీ అమ్మాయి ఎదురైతే ఆగి, "ట్రయలా?" అని హిందీలో అడిగింది. ఆ పిల్ల సంబరంగా తలూపింది.

"డబ్బులిస్తానన్నాడా?"

ఆ పిల్ల మొహంలో నవ్వు పోయింది. కౌంటర్ వైపు ఒకసారి చూసి, గొంతు బాగా తగ్గించి, "దీదీ, ఇప్పుడు గొడవ పెట్టకండి. మీరు నాతో మాట్లాడటం చూస్తున్నాడు. నాకీ పని కావాలి," అంది.

మా అమ్మాయి కదలకుండా నిలబడింది. కౌంటర్ ఎంతో దూరం లేదు. ఓనరు ఇంకా నవ్వుతూనే ఉన్నాడు. తర్వాత ఆమె వెనక్కి తిరిగి, మమ్మల్ని దాటుకుని బయటికి వెళ్లిపోయింది.

మేమూ వెళ్లి కారులో కూర్చున్నాం. నేను దిగి వెళ్లి అతన్ని నాలుగు మాటలతో కడిగేద్దామని తలుపు మీద చెయ్యి వేశాను. వద్దన్నట్టు ఆమె వెనక సీట్లోంచి నా భుజం పట్టుకుంది.

"మంచిగ పోస్తున్నది ఆంటీ ఆ పిల్ల," అంది. "ఆమెకైన పని ఇస్తడేమో."