ట్రెగెన్నా బండ

నావికాదళంలో ముప్పై ఏళ్లు తీరాలు కొలిచి పటాలు గీసిన లెఫ్టినెంట్ ట్రెగెన్నా పేరు సముద్ర పటంలో ఒక్కచోటే ఉంది. అదీ లేని బండకి.

కుర్రతనంలో, పొద్దుగూకే వేళ అలల మధ్య నల్లగా కనిపించినదాన్ని చూసి బండ అని అరిచాడు. మెచ్చుకున్న కెప్టెన్ దానికి అతని పేరే పెట్టాడు. మర్నాడు ఆ నలుపే పక్షుల్ని మోసుకుంటూ కొట్టుకుపోతుంటే అతనొక్కడే చూశాడు. అది చచ్చిన తిమింగలం. నోరు మూసుకున్నాడు.

ముసలితనంలో తన ఊరు ఫాల్మత్ నుంచి లండన్ వెళ్లి, దాన్ని తీసేయమని పటాల ఆఫీసులో అడిగాడు.

"బండ లేదని ఎలా చెప్పగలరు సార్?" అన్నాడు గుమాస్తా.

"చూసినవాణ్ణి నేనే కదయ్యా! అది తిమింగలం!"

"కావచ్చు. చెరిపాక రేపు అక్కడ ఓడ మునిగితే నా మెడకు చుట్టుకుంటుంది. ఉంచితే పోయేదేముంది? చుట్టూ తిరిగి పోతారు."

సత్యం ఎప్పటికైనా గెలుస్తుందనేవాళ్లు ఆ ఆఫీసు మెట్లు ఎక్కి ఉండరు.

ఇంటికొచ్చి చెబితే భార్య లవ్‌డే నవ్వింది. "పోనిద్దురూ, మీ పేరైనా మిగులుతుంది."

ఆ మాటే అతన్ని కుంగదీసింది. అతను నిజంగా కొలిచిన తీరాలన్నిటినీ అప్పటికే ఆవిరి ఓడలవాళ్లు మళ్లీ కొలిచి, అతని గీతలన్నీ చెరిపేశారు. మళ్లీ రెండుసార్లు లండన్ వెళ్లాడు. మూడోసారి గుమాస్తా తలెత్తి కూడా చూడలేదు.