కాల్‌బుక్కులో సంతకం

బంగారమ్మకు పిచ్చి పట్టిందన్న మాట బర్మామైన్స్ రైల్వే క్వార్టర్లలో నెల తిరక్కుండానే పాకింది. మనవాళ్లకు ఇలాంటి వార్త దొరికితే ఆ పూటకు అన్నం కూడా అక్కర్లేదు. పిచ్చీ లేదు, పాడూ లేదు. చెయ్యి వణుకుతోంది, అంతే. అదీ సంతకం పెట్టమన్నప్పుడే.

ఆమె భర్త సీతారామరావు టాటానగర్‌లో గూడ్స్ డ్రైవరు. నాలుగు నెలల క్రితం, ఎనభై ఒకటి వేసవిలో, ఇంజన్ మీదే గుండె ఆగి పోయాడు. రైల్వే వాళ్లు ఆమెకు ఆఫీసులో ప్యూను ఉద్యోగం ఇస్తామన్నారు. వచ్చే శనివారంలోగా కాగితం మీద సంతకం పెట్టకపోతే ఉద్యోగమూ పోతుంది, తలదాచుకున్న క్వార్టరూ పోతుంది. ఇప్పటికి రెండుసార్లు వెళ్లింది. రెండుసార్లూ పెన్ను పట్టగానే గుండె దడదడలాడి, వేళ్లు బిగుసుకుపోయి, కాగితం చిరిగింది.

అందుకే ప్రతి బుధవారం సాక్చిలో నరాల డాక్టరమ్మ దగ్గరికి వెళ్తోంది. మనసు డాక్టరంటే నలుగురూ నవ్వుతారని అలా చెప్పుకోవడం. డాక్టరమ్మకు తెలుగు రాదు. బంగారమ్మకు వచ్చిందల్లా కూరల బజారు హిందీ. పదిహేడేళ్ల కూతురు పద్మకుమారి మధ్యలో కూర్చుని తల్లి మాటను హిందీలో చెప్పేది. తల్లి నోరు తెరవకముందే "మాఁ కో నీంద్ నహీఁ ఆతీ" అని, నిద్ర పట్టడం లేదన్న ఒక్క ముక్కతో తేల్చేసేది. బంగారమ్మకూ అదే కావాలి. అసలు సంగతి ఆ పిల్ల ముందు బయటపడుతుందేమో అనుకుంటేనే ఆమెకు పైప్రాణాలు పైనే పోయేవి.

గడువుకు ముందు బుధవారం డాక్టరమ్మ పద్మను బయట బెంచీ మీద కూర్చోమని తలుపు మూసింది. బంగారమ్మ కొంగు వేలికి చుట్టింది, విప్పింది, మళ్లీ చుట్టింది. చివరికి వంకాయలు బేరమాడే ఆ హిందీలోనే మొదలుపెట్టింది.

"దస్తఖత్ హమ్ కియా."

సంతకం తనే పెట్టిందట. డ్రైవరు ఇంటికి డ్యూటీ పిలుపు కాల్‌బుక్కులో వస్తుంది. కాల్‌మ్యాన్ నీలకంఠం ఆ పుస్తకం పట్టుకుని గుమ్మంలో నిలబడతాడు. సంతకం పడితే డ్యూటీ ఒప్పుకున్నట్టే. నిద్రలో ఉన్న మొగుడి బదులు ఆడవాళ్లు పెట్టెయ్యడం ఆ లైనులో మామూలే. ఆ వేసవి మధ్యాహ్నం సీతారామరావు జ్వరంతో పడుకున్నాడు. అంతకు ముందు వారమే ఒంట్లో బాగాలేదని మానేశాడు, మళ్లీ మానితే పైవాళ్లు ఏమంటారోనని ఆమెకు భయం. ఆయన నేర్పిన ఇంగ్లీషు అక్షరాలతో ఆయన పేరు రాసేసింది. ఆయన లేచి, "సంతకం ఎట్టేసేవా? అయితే ఎళ్లాల," అని నవ్వుతూ బూట్లు తొడుక్కున్నాడు. సాయంత్రానికి కబురొచ్చింది.

డాక్టరమ్మ ఓదార్చలేదు. బంగారమ్మ ఏడుపు ఆగేదాకా కదలకుండా కూర్చుంది.

బయటికి రాగానే పద్మ లేచి నిలబడింది. ఎప్పుడూ హిందీలోనే జవాబిచ్చే పిల్ల తెలుగులో అడిగింది.

"కాల్‌బుక్కు సంగతి సెప్పేసేవా అమ్మా?"

బంగారమ్మ కూతురి చెయ్యి పట్టుకుని ఆపింది. "నీకెలా తెల్సే?"

"పెన్ను కనపడక నువ్వు ఎతుకుతుంటే నా ఇస్కూలు పెన్ను నానే గదా ఇచ్చేను. నాన్నకి జొరమని ఒక్క మాట నానైనా సెప్పి ఆ నీలకంఠాన్ని పంపేసుంటే..."

ఆ పెన్ను ఎవరు అందించారో బంగారమ్మ ఈ నాలుగు నెలల్లో ఒక్కసారీ తలచుకోలేదు. తన చెయ్యి తప్ప ఆమెకు ఇంకేమీ కనపడలేదు. ఇంతకాలం తనను నోరెత్తనివ్వకుండా కూతురు ఎందుకు కంగారుపడేదో ఇప్పుడు తెలిసింది.

శనివారం ఆఫీసులో "పెన్నియ్యి," అని కూతురినే అడిగింది. చెయ్యి వణికింది. అక్షరాలు కోడి గెలికినట్టు వచ్చాయి. అయినా ఈసారి కాగితం చిరగలేదు, పేరు తనదే.

మరుసటి బుధవారం డాక్టరమ్మ గదిలోకి పద్మకుమారి ఒక్కతే వెళ్లింది. బంగారమ్మ బయట బెంచీ మీద, మూసిన తలుపు వైపే చూస్తూ, కొంగు వేలికి చుట్టుకుంటూ కూర్చుంది.